ముక్కు మొదట్లో మెత్తటి వాపు: సూది పడకముందే స్కాన్ కావాలి

ప్రశ్న: మా బాబుకి ఐదు నెలలు. పుట్టినప్పటి నుంచి ముక్కు మొదట్లో, ఎడమ కంటి పక్కగా మెత్తటి ఉబ్బు ఉంది. అప్పుడు గోరంత ఉండేది, ఇప్పుడు బొటనవేలి కొనంత అయింది. ఏడిస్తే ఉబ్బుతుంది, ఊరుకోగానే తగ్గుతుంది. ఆ కంట్లోంచి నీళ్లు కారుతుంటాయి. ఒక డాక్టర్ చూసి కన్నీటి సంచి మూసుకుపోయింది, సూదితో నీరు తీద్దాం అన్నారు. ఇంకో డాక్టర్ ఇది మెదడు నుంచి వచ్చింది కావచ్చు, ముందు ఎమ్మారై తీయించండి అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా అత్తగారు పెద్దయ్యే కొద్దీ అదే సర్దుకుంటుంది, ఇంత పసివాడి తల కోయించొద్దు అంటున్నారు. బాబు నవ్వుతున్నాడు, బొమ్మ చూపిస్తే చెయ్యి చాపుతున్నాడు, పాలు బాగానే తాగుతున్నాడు. నిజంగా మెదడు బయటికి వచ్చిందా? వాడు అందరిలా ఎదుగుతాడా? ఆపరేషన్ కొన్నేళ్లు ఆగొచ్చా? కడుపుతో ఉన్నప్పుడు నా వల్ల ఏమైనా జరిగిందా? మళ్లీ బిడ్డ పుడితే ఇలాగే అవుతుందా?

సమాధానం:

అమ్మా, ముందు ఒక్క సంగతి చెప్పి మిగతా వాటిలోకి వెళ్తాను. ఎమ్మారై తీసి, దాన్ని పిల్లల న్యూరోసర్జన్ చూసేదాకా ఆ వాపులో ఎవరినీ సూది గుచ్చనివ్వకండి. నీరు తీద్దామన్నా వద్దు, ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నా వద్దు. ఇంట్లో వేలితో నొక్కడం, బిగించి కట్టు కట్టడం, కాపడం పెట్టడం కూడా వద్దు. స్కాన్ తీయించమన్న డాక్టర్ మాటే వినండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే వైపు చూపిస్తున్నాయి. వాపు పుట్టుకతోనే ఉంది. ముఖం నడిమి గీతకు దగ్గరగా, ముక్కు మొదట్లో ఉంది. ఏడిస్తే ఉబ్బుతోంది. బిడ్డ ఏడ్చినప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడితో పాటు వాపు కూడా పెరుగుతోందంటే దానికీ పుర్రె లోపలికీ దారి ఉందేమోనని అనుమానించాలి. మెడ పక్కనున్న సిరను కాసేపు మెల్లగా అదిమి, వాపు పెరుగుతుందేమో డాక్టర్లు చూస్తారు. దీన్ని ఫర్‌స్టెన్‌బర్గ్ పరీక్ష అంటారు. మీరు ఇంట్లో చేసి చూడొద్దు. పైగా రక్తనాళాలతో ఏర్పడిన గడ్డలు కూడా ఏడ్చినప్పుడు కాస్త ఉబ్బుతాయి. అందుకే చేత్తో తాకి, కంటితో చూసి ఇదీ అని తేల్చడం కుదరదు.

కన్నీటి సంచి అన్న డాక్టర్ మీద కోపం పెట్టుకోకండి. కన్నీటి సంచి వాపు, పుర్రె లోపలి నుంచి వచ్చే వాపు రెండూ పక్కపక్కనే ఉంటాయి. కన్నీటి సంచి ఉబ్బితే సాధారణంగా పుట్టిన మొదటి రోజుల్లోనే, కంటి లోపలి మూలకు కింద, నీలిరంగులో బిగుతుగా కనబడుతుంది. ఏడ్చినా ఊరుకున్నా దాదాపు ఒకేలా ఉంటుంది. మీ బాబు వాపు కంటి మూలకు పైన ఉందా, కింద ఉందా అన్నది మీరు రాయలేదు. పైన ఉంటే కన్నీటి సంచి కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఇక కంట్లో నీళ్లు కారడం దగ్గర చాలామంది పొరబడతారు. పుర్రె లోపలి నుంచి వచ్చిన వాపు కన్నీటి నాళాన్ని పక్కకు నెట్టి మూసేస్తే అప్పుడూ కంట నీరు కారుతుంది. కాబట్టి నీళ్లు కారడాన్ని బట్టి ఏదీ తేలదు.

ఇదే చోట వచ్చే వాపులు ఇంకొన్ని ఉన్నాయి. డెర్మాయిడ్ గడ్డ, అంటే చర్మ కణాలు లోపల చిక్కుకుని ఏర్పడిన తిత్తి, గట్టిగా ఉంటుంది, ఏడ్చినా మారదు. కొన్నిసార్లు ముక్కు దూలం మీద చిన్న గుంట, అందులో ఒకటి రెండు వెంట్రుకలు కనిపిస్తాయి. నేసల్ గ్లయోమా అనేది పేరు విని భయపడాల్సిన క్యాన్సర్ కాదు. గర్భంలో పుర్రె నుంచి విడిపోయి బయట మిగిలిపోయిన నాడీ కణజాలం అది, తాకితే గట్టిగా తగులుతుంది. అయితే ఈ రెండింటికీ కూడా కొందరు పిల్లల్లో సన్నని కాడ లాంటిది పుర్రెలోకి వెళ్తుంది. అంటే ముక్కు నడిమి గీత మీద పుట్టుకతో ఏ గడ్డ ఉన్నా కత్తికంటే స్కాన్ ముందు రావాలి. ముక్కు లోపల కనిపించే గడ్డలకూ ఇదే నియమం. పసిపిల్లలకు ముక్కులో పాలిప్‌లు, అంటే లోపలి పొర మీద పెరిగే మెత్తటి కండలు, రావడం చాలా అరుదు. నెలల బిడ్డ ముక్కులో ఒకవైపు పాలిప్ ఉందని కత్తిరించబోతే అది మెదడు పొర అయిన సందర్భాలు వైద్యంలో ఉన్నాయి. అప్పుడు మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారడం మొదలవుతుంది. అదే దారిలో సూక్ష్మక్రిములు లోపలికి పోయి మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు ఇన్ఫెక్షన్, రావచ్చు. మీ బాబు వాపులో సూది గుచ్చినా ఇదే ప్రమాదం.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నిజంగా మెదడు బయటికి వచ్చిందా? స్కాన్ లేకుండా అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. అనుమానిస్తున్న సమస్య పేరు ఎన్‌సెఫలోసీల్. పుర్రె ముందు భాగంలో, నుదుటి ఎముకకూ ముక్కు పైభాగంలోని ఎత్మాయిడ్ ఎముకకూ మధ్య చిన్న రంధ్రం మిగిలిపోతుంది. అందులోంచి మెదడు పొర సంచిలా బయటికి జారుతుంది. సంచిలో నీరు మాత్రమే ఉంటే మెనింగోసీల్ అంటారు, మెదడు కణజాలం కూడా ఉంటే ఎన్‌సెఫలోసీల్. ఇంటి లోపలి గుమ్మం ఒకటే అయినా వీధిలోకి మూడు వాకిళ్లున్నట్టు, లోపలి రంధ్రం ఒకే చోట ఉన్నా ముఖం మీదికి మూడు దారుల్లో రావచ్చు. కనుబొమల మధ్య నుంచి వచ్చేది ఒకటి. ముక్కు ఎముకల కింద నుంచి పక్కకు వచ్చేది ఇంకొకటి. కంటి గుంత లోపలి గోడలోంచి వచ్చేది మూడోది. థాయిలాండ్‌కు చెందిన చరస్ సువన్వేల, నితయ సువన్వేల 1972లో ఇచ్చిన ఈ విభజననే ఇప్పటికీ డాక్టర్లు వాడుతున్నారు. ఇది థాయిలాండ్, కంబోడియా, మయన్మార్ వంటి ఆగ్నేయాసియా దేశాల్లో ఎక్కువ. థాయిలాండ్‌లో దాదాపు 6,000 జననాలకు ఒకటి అని లెక్క. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో తల వెనక వైపు వచ్చే రకం ఎక్కువ. ఈ తేడా మీరు తప్పక తెలుసుకోవాలి. ఎందుకంటే మీరు ఎక్కడైనా చదివే భయంకరమైన వివరాల్లో చాలా భాగం తల వెనక వచ్చే రకానివి. ముందు వైపు వచ్చేవి పిల్లల ఎదుగుదల విషయంలో వాటికంటే చాలా నయం.

ముందు వైపు సంచిలోకి జారే మెదడు భాగం తరచుగా చాలా కొంచెం. అదీ మామూలుగా పనిచేసే మెదడులా కాకుండా మచ్చకట్టి గట్టిపడిన కణజాలంగా ఉంటుంది. అందుకే ఆపరేషన్‌లో సర్జన్లు దాన్ని తీసేసినా చాలామంది పిల్లల తెలివితేటలకు గానీ, చేతులు కాళ్ల కదలికలకు గానీ ఏమీ కాదు. బిడ్డ భవిష్యత్తు బయట వాపు ఎంత ఉందన్నదాన్ని బట్టి కాదు, లోపల మిగిలిన మెదడు ఎలా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్ద వాపుతో ఉండి బడికి వెళ్లి చక్కగా చదువుకునే పిల్లలు ఉన్నారు. చిన్న వాపే ఉన్నా లోపల ఇతర లోపాలున్న పిల్లలూ ఉన్నారు. అందుకే ఎమ్మారైలో వాపుతో పాటు మెదడంతా చూడాలి. తలలో నీరు చేరుతోందా, రెండు అర్ధగోళాలనూ కలిపే కార్పస్ కలోసం సరిగా ఏర్పడిందా, నీటి తిత్తులేమైనా ఉన్నాయా అన్నది రిపోర్టులో రాయమని అడగండి. ఐదు నెలల బిడ్డ ముఖం చూసి నవ్వడం, బొమ్మకు చెయ్యి చాపడం చాలా మంచి సూచనలు. నేను ఊరికే ధైర్యం చెప్పడం లేదు. మెదడు ఎలా పనిచేస్తోందో స్కాన్ కన్నా బిడ్డ చేసే పనులే ఎక్కువ చెబుతాయి.

ఎమ్మారై ముందా, సీటీ స్కాన్ ముందా అని మీకు ఇద్దరు రెండు రకాలుగా చెప్పవచ్చు. ఈ వయసులో ఎమ్మారైయే ముందు. పసిపిల్లల్లో ముక్కు పైకప్పు ఇంకా పూర్తిగా ఎముక కాలేదు, కొంత మృదులాస్థిగానే ఉంటుంది. సీటీలో అది ఖాళీలా కనబడి లేని రంధ్రం ఉన్నట్టు అనిపించవచ్చు. సంచిలో నీరుందో మెదడుందో ఎమ్మారైలోనే బాగా తెలుస్తుంది, రేడియేషన్ కూడా ఉండదు. ఆపరేషన్ ఖాయమయ్యాక ఎముకల కొలతల కోసం సర్జన్లు త్రీడీ సీటీ అడుగుతారు, అప్పుడు తీయించండి. ఎమ్మారైకి బాబు కదలకుండా ఉండాలి కాబట్టి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. దానికి ఎన్ని గంటల ముందు పాలు ఆపాలో మత్తు డాక్టర్ చెబుతారు. తల్లిపాలకు సాధారణంగా నాలుగు గంటలు. డబ్బాపాలైతే ఆరు గంటలు.

మీ అత్తగారి మాటకు వస్తాను. పసివాడి తల మీద కత్తి పడకూడదని ఆవిడ అనడం ప్రేమతోనే, ఆ ప్రేమను తప్పుపట్టను. కానీ స్కాన్‌లో ఎన్‌సెఫలోసీల్ అని తేలితే అది తనంతట తాను సర్దుకోదు. రంధ్రంలో కణజాలం అడ్డుగా ఉంది కాబట్టి ఎముక కలుసుకోలేదు. మెదడు మొదటి ఏడాదిలోనే దాదాపు రెట్టింపవుతుంది. ఆ పెరుగుదలకు, ప్రతి గుండెచప్పుడుకూ లోపలి నుంచి తగిలే ఒత్తిడికి వాపు పెరుగుతూ చుట్టూ ఉన్న లేత ఎముకలను నెడుతుంది. కళ్ల మధ్య దూరం పెరుగుతుంది, ముక్కు పొడవుగా సాగుతుంది. ఆలస్యమైన కొద్దీ సరిచేయాల్సిన ఎముకలూ ఎక్కువవుతాయి.

కన్ను సంగతి ఇంకా తొందరది. చూపు నేర్చుకునేది మొదటి కొన్నేళ్లలోనే. వాపు ఒక కన్నుకు అడ్డం వచ్చినా, కనుగుడ్డును నొక్కి దాని వంపు మార్చినా మెదడు ఆ కన్నును వాడటం మానేస్తుంది. దాన్ని మందకొడి కన్ను అంటారు. పదేళ్లకు ఆపరేషన్ చేసి ముఖం చక్కదిద్దినా అలా పోయిన చూపు తిరిగి పూర్తిగా రాదు. అందువల్ల న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్లే వారంలోనే పిల్లల కంటి డాక్టర్‌కు కూడా చూపించండి. దీన్ని చాలా కుటుంబాలు మరిచిపోతాయి.

అలాగని రేపే ఆపరేషన్ అని పరుగెత్తక్కర్లేదు. చర్మం చెక్కుచెదరకుండా ఉండి, ఊపిరికి అడ్డం లేకుండా, తలలో నీరు చేరకుండా ఉంటే ప్లాన్ చేసుకోవడానికి సమయం ఉంటుంది. మొదటి ఏడాదిలో, బిడ్డ కాస్త బరువు పెరిగాక చేయడం చాలా బృందాల పద్ధతి. బరువు కోసం ఎందుకు చూస్తారంటే, ఏడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి అర లీటరు కంటే కొంచెమే ఎక్కువ. పెద్దవాళ్లకు లెక్కలోకి రాని రక్తస్రావం కూడా ఈ వయసులో పెద్దదే. సరిగ్గా ఎన్నో నెలలో చేయాలన్నదాని మీద సర్జన్ల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. ఒకరు ఎనిమిదో నెల అంటే, ఇంకొకరు ఏడాది నిండనివ్వండి అంటే ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని అనుకోకండి. కానీ కారణమేమీ చెప్పకుండా బడికి వెళ్లే వయసు దాకా ఆగమంటే మాత్రం ఇంకో అభిప్రాయం తీసుకోండి.

ఆపరేషన్ ఎక్కడ చేయించాలో ఊరి పేరుతో చెప్పను, ఒక ప్రశ్నతో చెబుతాను. న్యూరోసర్జన్, ముఖం ఎముకలు సరిచేసే ప్లాస్టిక్ సర్జన్ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడి చేస్తారా అని అడగండి. అవునన్న చోటికి వెళ్లండి. ఒకరు రంధ్రం మూసి పంపించి, ముక్కు, కళ్ల సంగతి ఎప్పుడో చూద్దామంటే బిడ్డ రెండు మూడుసార్లు మత్తు భరించాలి. పుర్రె లోపలి నుంచి వెళ్లి కంటి గుంతలను దగ్గరకు జరపవచ్చని ఫ్రెంచ్ సర్జన్ పాల్ టెస్సియే 1960లలో చేసి చూపించారు. ఈ రెండు శాఖలు ఒకచోట కలిసింది ఆ తర్వాతే. బ్యాంకాక్‌లోని చూలాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన చూలా పద్ధతిలో, నుదుటి ఎముక కింది భాగంలో చిన్న ముక్క మాత్రమే తీసి పని ముగిస్తారు. మీ బాబుకు ఏది తగినదో వాళ్లు స్కాన్ చూసి నిర్ణయిస్తారు.

తల కోయడం అన్న మాటతోనే మీకు చేతులు చల్లబడి ఉంటాయి, అందుకని జరిగేది జరిగినట్టు చెబుతాను. తరచుగా ఒక చెవి మీద నుంచి ఇంకో చెవి దాకా, జుట్టు లోపలే కోత పెడతారు. జుట్టు పెరిగాక మచ్చ పెద్దగా కనబడదు. నుదుటి ఎముకలో కొంత ముక్క తీసి, మెదడును తాకీ తాకనట్టు పక్కకు జరిపి, సంచి మెడ దగ్గరికి చేరతారు. బయటికి జారిన పనికిరాని భాగాన్ని తీసేసి, పొరను నీరు కారకుండా కుడతారు. పుర్రె మీది పొరతో దాన్ని ఇంకా బలపరుస్తారు. రంధ్రాన్ని బిడ్డ సొంత పుర్రె ఎముక ముక్కతో మూస్తారు. కంటి లోపలి మూలలను వాటి చోటికి చేర్చి, అవసరమైతే ముక్కు దూలం నిలబెడతారు. గంటల తరబడి సాగే ఆపరేషన్ ఇది. తర్వాత రెండు మూడు రోజులు రెప్పలు బాగా వాచి బాబు కళ్లు తెరవలేకపోవచ్చు. ముందే తెలియకపోతే దాన్ని చూసి తల్లులు హడలిపోతారు. ఆ వాపు తగ్గిపోతుంది.

ప్రమాదాలు లేవని చెప్పను. ముక్కులోంచి మెదడు నీరు కారడం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్ తర్వాత తలలో నీరు చేరడం, అరుదుగా వాపు మళ్లీ రావడం ఉంటాయి. మీ సర్జన్‌ను ఇలాంటి కేసులు ఎన్ని చేశారు, వాళ్లలో ఎంతమందికి ఇవి వచ్చాయి అని అడగడానికి మొహమాటపడకండి. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఆపరేషన్ దాకా ఇంట్లో బాబును మామూలు బిడ్డలాగే పెంచండి. ఏడుపు వాపును పెంచుతుంది కాబట్టి ఏడవనివ్వకూడదని రోజంతా ఎత్తుకుని తిరగక్కర్లేదు. టీకాలు ఒక్కటీ ఆపొద్దు. మెనింజైటిస్ నుంచి కాపాడే న్యూమోకాకల్, హిబ్ టీకాలు మీ బాబుకు మిగతా పిల్లలకంటే ఎక్కువ అవసరం. ఎప్పుడైనా ఇంకో జబ్బుతో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, ముక్కులోంచి గొట్టం వేయకముందే ఈ వాపు సంగతి అక్కడి వాళ్లకు చెప్పండి. వాపు మీది చర్మం పలచబడి మెరుస్తున్నా, పుండు పడ్డా, ముక్కులో ఒక వైపు నుంచి నీళ్లలాంటి ద్రవం చుక్కలు చుక్కలుగా కారుతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో పాటు వాంతులు, మగత, నడినెత్తిన మాడు ఉబ్బి బిగుసుకోవడం, మూర్ఛ కనిపిస్తే అర్ధరాత్రయినా ఆగొద్దు.

నా వల్ల ఏమైనా జరిగిందా అని అడిగారు. లేదమ్మా. పిండంలో మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీ గొట్టం తల వైపు మూసుకునేది గర్భం నిలిచాక సుమారు 25వ రోజున. ఆ రోజుల్లోనే పైచర్మం, నాడీ కణజాలం ఒకదాన్నుంచి ఒకటి విడిపోవాలి. ముక్కు మొదట్లో ఆ విడిపోవడం పూర్తికాక ఈ లోపం ఏర్పడుతుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. గర్భం అని చాలామంది ఆడవాళ్లకు తెలిసీ తెలియని రోజులవి. ఆ తర్వాత నెలల్లో మీరు తిన్నది, మోసిన బరువు, పడ్డ దుఃఖం, చేసిన ప్రయాణం ఏదీ దీనికి కారణం కాదు. ఎవరైనా మీ ముందు ఆ మాట అంటే మీ భర్తను అక్కడే అడ్డుపడమనండి. ఆ బరువు మీ ఒక్కరి మీద పడటం అన్యాయం. ఈ పేరా ఆయనకూ చదివి వినిపించండి.

ఇంకో బిడ్డ గురించి. ముందు వైపు ఎన్‌సెఫలోసీల్ చాలా వరకు ఒక్కరికే వస్తుంది, మళ్లీ అదే కుటుంబంలో రావడం అరుదు. బాబుకు అదనపు వేళ్లు, మూత్రపిండాల్లో తిత్తులు వంటివి కూడా ఉంటే మాత్రం ఆ లెక్క మారుతుంది, జన్యు వైద్యులకు చూపించాలి. ఫోలిక్ యాసిడ్ విషయంలో 1991లో వెలువడిన పెద్ద పరిశోధన ఒకటి ఉంది. నాడీ గొట్టం లోపంతో అంతకుముందు బిడ్డ పుట్టిన తల్లులు రోజుకు 4 మిల్లీగ్రాములు వేసుకుంటే మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది. అందులో చాలావరకు వెన్నెముక లోపాలూ, పుర్రె అసలే ఏర్పడని లోపాలూ ఉన్నాయి. ముఖం వైపు వచ్చే రకానికి ఫోలిక్ యాసిడ్ అంతగా పనిచేస్తుందని రుజువు కాలేదు. అయినా మళ్లీ గర్భం అనుకునే ముందే, కనీసం నెల ముందు నుంచి వేసుకునేలా మీ గైనకాలజిస్ట్‌తో మాట్లాడి మోతాదు రాయించుకోండి. గర్భం వచ్చాక 18 నుంచి 20 వారాల స్కాన్‌లో బిడ్డ ముఖం, పుర్రె ప్రత్యేకంగా చూడమని చెప్పండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఎమ్మారై కాగితం రిపోర్టు ఒక్కటే కాకుండా బొమ్మలన్నీ ఉన్న సీడీ తీసుకెళ్లండి. సర్జన్లు బొమ్మలు తామే చూసుకుంటారు. బాబు ఊరుకున్నప్పుడు ఒకటి, ఏడుస్తున్నప్పుడు ఒకటి, ముందు నుంచీ పక్క నుంచీ ఫోటోలు ఫోన్‌లో తీసి పెట్టుకోండి. పుట్టిన రోజుల నాటి ఫోటోలు ఉంటే అవి కూడా చూపించండి, వాపు ఎంత వేగంగా పెరిగిందో వాటితో తెలుస్తుంది.